గాజింటి కూర, గాజింటి పువ్వు

2018 వేసవిలో మా పెదనాన్న కొడుకు ఒక కాగితం చేతపట్టుకుని మా యింటికి వచ్చాడు. నాకంటే ఆరేళ్లు పెద్ద. హోసూరు తెలుగు బడిలో ఎనిమిది దాకా చదివి సేద్యంలోకి దిగినవాడు. తమిళం బాగా మాట్లాడతాడు, సంతలో బేరం చేస్తాడు. కానీ సర్కారు రాసే తమిళం ఆయనకు కొరుకుడు పడదు. అలాంటి కాగితం ఏది వచ్చినా చదివి చెప్పేది నేనే.

అది ఉద్యానశాఖ కాగితం. పాలీహౌస్ కట్టుకునే రైతుకు సర్కారు ఎంత సాయం ఇస్తుందో చెప్పే పట్టీ. కేంద్రం 2014లో ఖాయం చేసిన రేట్లు అవి. గాలి ఆడే మామూలు పాలీహౌస్ అర ఎకరం మేర కడితే చదరపు మీటరుకు 890 రూపాయలు ఖర్చు కింద లెక్కగట్టి అందులో సగం ఇస్తారు. ఒక్కొక్కరికి 4,000 చదరపు మీటర్ల దాకా, అంటే ఇంచుమించు ఎకరం దాకా ఇస్తారు. అదిగాక లోపల పెట్టే పంటకు వేరే సాయం వుంది. ఆ వరస చదువుతూ వుంటే అన్న నన్ను ఆపాడు.

ఆర్కిడ్, ఆంథూరియం పూలకు చదరపు మీటరుకు 700 రూపాయలు. కార్నేషన్, జెర్బెరా పూలకు 610. రోజాకు, లిలియంకు 426. కూరగాయలకు 140. అన్నిట్లోనూ సగం సర్కారుది.

"ఇంగోసారి చదువప్పా" అన్నాడు. చదివాను. "తినేదానికంటే చూసేదానికే జాస్తి ఇస్తా వుండారే! మీటింగుల్లో చెప్పేదేమో తిండి, తిండి అని."

పూల మొక్క ఖరీదు జాస్తి, అందుకే సాయమూ జాస్తి అని అప్పటికి సర్ది చెప్పాను. అది అబద్ధం కాదు, కానీ సగం జవాబే. అర ఎకరానికి రోజా పెడితే మొక్కల మీద వచ్చే సాయం 4 లక్షల 26 వేలు. కూర పెడితే లక్షా 40 వేలు. ఆ పట్టీ రాసినవాళ్ల మనసులో ఏ పంట వుందో అంకెలే చెబుతున్నాయి. ఆ మిగతా సగం జవాబు కోసం నేను చాలా రోజులు పుస్తకాలు తిరగేశాను. నాకు దొరికినంత ఇక్కడ రాస్తున్నాను.

నేను మొదట చూసిన గాజిల్లు బెంగుళూరు లాల్‌బాగ్‌లోది. మా పక్క పిల్లలందరికీ అదే మొదటిది అయివుంటుంది. ఆగస్టు పదిహేనుకు పూల ప్రదర్శన పెడతారు. హోసూరు నుంచి బస్సెక్కి పోయి, క్యూలో నిలబడి, ఆ ఇనుప కమానుల కింద తలెత్తి చూడడం మాకు తిరునాళ్లతో సమానం. దాని పునాదిరాయి 1889 నవంబరు 30న ఇంగ్లండు రాజకుమారుడు ఆల్బర్ట్ విక్టర్ వేశాడు. అప్పట్లో తోట చూసుకుంటున్నది జాన్ కామరాన్ అనే దొర. లండన్‌లో 1851లో కట్టిన స్ఫటిక భవనం దానికి నమూనా. లోపల వున్నది పూలే, ఆ రోజుల్లో అయినా ఈ రోజుల్లో అయినా. అయితే అదే కామరాన్ దొర కాలంలోనే లాల్‌బాగ్ నుంచి బెంగుళూరు వంకాయ మన పెరళ్లలోకి పాకింది. కన్నడంలో దాన్ని సీమె బదనె అంటారు. మా అమ్మ పప్పులో వేసే ఆ కాయకు గాజింటితో పనిలేదు, కంచె మీద పాకితే చాలు. ఈ రెండూ ఒకే తోటలోంచి వచ్చాయని గుర్తుపెట్టుకుంటే తర్వాతి కథ సులువుగా అర్థమవుతుంది.

కప్పు కింద పంట పండించడమనేది గొప్పింటి ముచ్చటగానే మొదలయింది. రోము చక్రవర్తి టైబీరియస్ ప్రతిరోజూ దోసకాయ తినేవాడట. అందుకని తోటమాలులు చక్రాల తొట్లలో దోసపాదులు పెంచి ఎండలోకి తోసేవాళ్లు, చలికాలంలో పలచని పారదర్శక రాతి పలకలు కప్పేవాళ్లు. ప్లీనీ రాసిన సంగతి యిది. ఒక మనిషి నాలుక కోసం ఒక రాజ్యం ఖజానా. సర్కారు సాయంతో నడిచిన తొలి గ్రీన్‌హౌస్ అదే అనుకోవచ్చు, నవ్వులాటకు.

నవ్వులాట కాని సంగతి ఐర్లండ్‌ది. ఇంగ్లండులో గాజు మీద పన్ను వుండేది. 1845లో దాన్ని ఎత్తేశారు. గాజు చౌకయింది, గాజిళ్లు వూరూరా లేచాయి. డబ్లిన్ దగ్గర గ్లాస్నెవిన్ వృక్షశాస్త్ర తోటలో అప్పటికే ఇనుముతో, గాజుతో పెద్ద ఇళ్లు కట్టే పని సాగుతున్నది. దూరదేశాల చెట్లను చలినుంచి కాపాడడానికి. అదే తోటలో, అదే 1845 ఆగస్టులో, తోట అధికారి డేవిడ్ మూర్ బంగాళాదుంప ఆకుల మీద కొత్త తెగులు మచ్చలు గమనించాడు. దాని వెంట వచ్చిన కరువులో పది లక్షలమంది దాకా చనిపోయారు. ఒక గోడకు ఇవతల దూరదేశపు చెట్లకు వెచ్చని గది, గోడకు అవతల జనం తిండి నేలలోనే కుళ్లిపోవడం. గాజిల్లు కట్టినవాళ్లు దుర్మార్గులని నేను అనను. వాళ్లు వేసుకున్న ప్రశ్న వేరు. తాటిచెట్టును ఎలా బతికించాలి అని వాళ్లు అడిగారు, దానికి జవాబు సాధించారు.

గాజు రైతు చేతికి అందేది కాదు. ఆ అడ్డు తీసినవాడు అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయంలోని ఎమర్ట్ అనే ఆచార్యుడు. గాజిల్లు కట్టడానికి డబ్బు చాలక 1948లో ఆయన కర్ర చట్రానికి సెల్లోఫేన్ కాగితం బిగించి చూశాడు. ఆ తర్వాత పాలిథీన్ వచ్చింది. మా బాగలూరు, బేరికె, తళి దారుల్లో ఇప్పుడు తెల్లగా మెరిసే పైకప్పులన్నీ ఆ కర్ర చట్రం సంతానమే.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోవాలి. పాలీహౌస్‌లో వరి పండదు, రాగి పండదు. పండించవచ్చు కానీ ఎవడూ పండించడు, గిట్టదు. మన దేశంలో 2013లో వచ్చిన ఆహార భద్రత చట్టం మాట్లాడేది బియ్యం, గోధుమ, చిరుధాన్యాల గురించి. కాబట్టి కప్పు కింద సేద్యం కడుపు నింపుతుందని ఎవరైనా అంటే ఆ మాటను కొంచెం తగ్గించుకుని వినాలి. అది ఇవ్వగలిగింది సంగటి కాదు, సంగటి పక్కన ఆకుకూర. ఆ ఆకుకూర కూడా పుట్టని చోట మాత్రం అదే ప్రాణం.

అలాంటి చోటు లద్దాఖ్. నేను అక్కడికి పోలేదు. మా మేనమామ కొడుకు సైన్యంలో వుండి అక్కడ రెండు చలికాలాలు గడిపి వచ్చాడు. లే పట్టణం 11,500 అడుగుల ఎత్తులో వుంది. వాన ఏడాదికి పది సెంటీమీటర్లు కూడా సరిగా పడదు. మంచు పడితే కనుమ దారులు మూసుకునేవి, నెలల తరబడి లారీ వచ్చేది కాదు. డబ్బాల్లో కూరలు, ఎండిన కూరలు, పప్పు. బావ చెప్పే కథల్లో శత్రువుల ముచ్చట తక్కువ, పాలకూర ముచ్చట ఎక్కువ. జనవరిలో ఒకరోజు మెస్‌లో పచ్చి పాలకూర వడ్డిస్తే ఒక సుబేదారు ఆకును చేత్తో పట్టుకుని వాసన చూశాడట, తినకముందు. "ఇంటికి పోయినట్టు అయిందిరా" అన్నాడట.

ఆ పాలకూర వెనుక సర్కారు వుంది. 1962లో రక్షణశాఖ పరిశోధన సంస్థ లేలో ఒక ప్రయోగశాల పెట్టింది. సరిహద్దులో సైనికులకు తాజా కూర ఎలా అందించాలన్నది దాని ముందున్న ప్రశ్న. అక్కడ తేలిన వుపాయాల్లో అన్నిటికంటే నాకు నచ్చింది అన్నిటికంటే చౌకైనది. నేలలో మూడడుగుల లోతున గొయ్యి తవ్వుతారు. పైన కర్రలు అడ్డం వేసి పాలిథీన్ పరుస్తారు. రాత్రికి దానిమీద ఇంకో కప్పు వేస్తారు. పగలు ఎండ వేడి, రాత్రి భూమి వేడి. బయట నీళ్లు గడ్డకట్టే చలిలో లోపల పాలకూర, మెంతి, ముల్లంగి. ఇనుప గొట్టం లేదు, ఫ్యాను లేదు, విదేశీ కంపెనీ లేదు. సైన్యం కోసం మొదలైన పని మెల్లగా వూళ్లలోకి వచ్చింది. లద్దాఖీ ఇళ్ల పక్కన, దక్షిణం వైపు తెరుచుకుని, మిగతా మూడు వైపులా మట్టి ఇటుక గోడలతో గ్రీన్‌హౌస్‌లు లేచాయి. సర్కారు పాలిథీన్ మీద సాయం ఇచ్చింది, స్వచ్ఛంద సంస్థలు గోడల కొలతలు సరిచేశాయి. వాటిని చూసుకునేది ఎక్కువగా ఆడవాళ్లే. ఇంటికి చాలినంత వుంచుకుని మిగిలింది అమ్ముకుంటారు.

చైనాది కూడా ఇలాంటి కథే, కొలత మాత్రం పెద్దది. ఉత్తర చైనాలో ఒకప్పుడు చలికాలమంటే క్యాబేజీ. అక్టోబరు చివర్లో, నవంబరులో బీజింగ్ జనం బండ్లకొద్దీ క్యాబేజీ కొని వరండాల్లో, మెట్లకింద పేర్చుకునేవాళ్లు, వసంతం దాకా అదే కూర. 1988లో వాళ్ల వ్యవసాయశాఖ 'కూరల బుట్ట' అనే పథకం పెట్టింది. నగరానికి కూరలు అందాయా లేదా అన్నదానికి ఆ నగర మేయరు జవాబు చెప్పాలి అన్నది అందులో వచ్చిన పద్ధతి. నా మటుకు నాకు ఆ పథకంలో గొప్పగా తోచింది డబ్బు కాదు, ఈ నిబంధనే. కూర దొరక్కపోతే ఎవరిని అడగాలో జనానికి తెలుసు.

మరుసటి ఏడాది షాన్‌డాంగ్ రాష్ట్రం షౌగ్వాంగ్ జిల్లాలో సాన్‌యువాన్‌జూ అనే వూరి పార్టీ కార్యదర్శి వాంగ్ లేయీ ఒక పని చేశాడు. ఇంకా ఉత్తరాన లియావోనింగ్‌లో బొగ్గు కాల్చకుండా చలికాలంలో దోసకాయ పండిస్తున్నారని విని పోయి చూసి వచ్చాడు. మందపాటి మట్టి గోడ, దక్షిణానికి వాలిన పాలిథీన్, రాత్రి కప్పడానికి గడ్డిచాప. అంతే. వూళ్లో ఎవరూ నమ్మలేదు. షెడ్డు వేయాలంటే ఇంకా కోతకు రాని మొక్కజొన్న నరకాలి. అన్నం పెట్టే పైరును నరికే ధైర్యం ఎవరికుంటుంది? చివరికి 17 మంది పార్టీ సభ్యులు ముందుకొచ్చి 17 షెడ్లు వేశారు. ఆ చలికాలం దోసకాయతో ఒక్కొక్క షెడ్డు మీద 20 వేల యువాన్లకు పైగా వచ్చింది. మరుసటి ఏడాదికి జిల్లాలో షెడ్లు ఐదు వేలు దాటాయి. ఈనాడు షౌగ్వాంగ్ చైనా కూరగాయల రాజధాని. డబ్బు వచ్చింది నిజమే. కానీ అక్కడ డబ్బూ కూరా ఒకే బుట్టలో వచ్చాయి. బీజింగ్ వాడికి కావలసింది దోసకాయ, సాన్‌యువాన్‌జూ వాడు పండించింది దోసకాయ.

గదిలో దీపాల వెలుగులో పండించే సేద్యం గురించి ఈ మధ్య చాలా రాస్తున్నారు. సింగపూర్ 2019లో పెద్ద మాట చెప్పింది, 2030కల్లా తమ పోషణ అవసరాల్లో నూటికి ముప్పై పాళ్లు తామే పండిస్తామని. డబ్బు పోసింది. అంతస్తుల మీద అంతస్తుల్లో ఆకుకూర మొలిచింది. కరెంటు ఖర్చు, పక్కదేశం నుంచి వచ్చే చౌక కూర రెండూ కలిసి చాలా ఫారాలను మూయించాయి. 2025 నవంబరులో సర్కారు ఆ లక్ష్యాన్ని వదిలి 2035కు వేరే లక్ష్యాలు పెట్టుకుంది. లెక్కలు తప్పాయని బాహాటంగా ఒప్పుకుని మార్చుకోవడం తక్కువ సంగతి కాదు. మనవైపు లక్ష్యాలు అలా చావవు, వాటిని ఎవరూ గుర్తుచేయరు, అంతే.

మనవైపు అంటే మన దేశం. ఇక్కడి కథ చలితో మొదలు కాలేదు. ప్లాస్టిక్‌తో మొదలయింది. వ్యవసాయంలో ప్లాస్టిక్ వాడకం గురించి 1981లో కేంద్రం ఒక జాతీయ కమిటీ వేసింది. దాన్ని వేసింది వ్యవసాయశాఖ కాదు, పెట్రోలియం, రసాయనాలు చూసే శాఖ. తర్వాత వ్యవసాయశాఖ కిందికి వచ్చింది. ఆ కమిటీ మంచిపనే చేసింది, బిందుసేద్యం మన చేలలోకి రావడంలో దానికి భాగముంది. అయినా పుట్టిన చోటు మాట చెప్పకపోతే కథ సగమే అవుతుంది. ఒకచోట ప్రశ్న 'ఈ చలిలో ఏం తినాలి?' అన్నది. మనచోట 'ఈ సరుకు ఎక్కడ వాడాలి?' అన్నది.

1991 తర్వాత ఇంకో ప్రశ్న వచ్చి చేరింది, 'డాలరు ఎలా తేవాలి?' అని. అందుకు దొరికిన జవాబుల్లో పువ్వు ఒకటి. నూటికి నూరుపాళ్లు ఎగుమతి కోసమే అంటూ కంపెనీలు లేచాయి. బెంగుళూరు, హోసూరు చుట్టుపక్కల, పూణె వైపు, హైదరాబాదు వైపు. బ్యాంకులు అప్పులిచ్చాయి, విమాన కిరాయి మీద సర్కారు సాయం దొరికింది. హాలండ్ నుంచి షెడ్లు వచ్చాయి. వేడిని లోపల పట్టి వుంచడానికి కట్టిన షెడ్లు అవి. మనకు కావలసింది వేడిని బయటికి పంపే షెడ్డు. శీతల గిడ్డంగులు లేవు, విమానంలో చోటు దొరకదు, ఆల్స్‌మీర్ వేలంలో ధర మన చేతిలో లేదు. ఆ దశాబ్దం ముగిసేలోగా చాలా కంపెనీలు కుదేలయ్యాయి. ఆ ఇనుప అస్తిపంజరాలు బస్సు కిటికీలోంచి నేనే చూశాను.

అయితే పువ్వు హోసూరును వదల్లేదు. ఇక్కడి చల్లదనం రోజాకు సరిపోయింది. కంపెనీల్లో కూలికి పోయిన రైతులు పని నేర్చుకుని తమ చేలలో చిన్న షెడ్లు వేసుకున్నారు. 2005లో జాతీయ ఉద్యాన మిషన్ వచ్చి సగం ఖర్చు ఇస్తామంది. అముదగొండపల్లి దగ్గర తమిళనాడు పారిశ్రామిక అభివృద్ధి సంస్థ భాగస్వామ్యంతో పెద్ద రోజాతోట వెలిసింది. వాటా పెట్టింది పరిశ్రమల సంస్థ అన్నది గమనించాలి. ఇజ్రాయెల్ సాయంతో తమిళనాడులో రెండు కేంద్రాలు పెట్టినప్పుడు కూరగాయల కేంద్రం దిండిగల్ దగ్గర రెడ్డియార్‌చత్రానికి పోయింది, కోత పూల కేంద్రం మన తళికి వచ్చింది. (రెడ్డియార్‌చత్రం పేరులోనే మనవాళ్లు వున్నారు, అది వేరే వ్యాసం.) ఫిబ్రవరి 14 దగ్గరపడితే తాజ్‌మహల్ అనే ఎర్ర రోజా ఇక్కడినుంచి సింగపూరుకు, మలేసియాకు, గల్ఫ్ దేశాలకు పోతుంది. ఆ వారం మా వూళ్లలో ఆడవాళ్లకు రాత్రీ పగలూ పని.

ఈ నేల మీద సర్కారు చూపు పడడం కొత్త కాదు. మత్తిగిరి పశువుల ఫారం 1824 నాటిది. 1,641 ఎకరాలు. సైన్యానికి గుర్రాలు పెంచడానికి మొదలుపెట్టారు. యాభై ఏళ్ల తర్వాత, 1876-78 కరువులో, మేమప్పుడు చేరివున్న సేలం జిల్లా ఘోరంగా దెబ్బతిన్నది. మా అవ్వ వాళ్ల అవ్వ చెప్పిందని చెప్పేది, కాకిరాగి ఏరుకుని తిన్నారట. గుర్రాలు బతికాయా లేదా నేను విచారించలేదు.

పువ్వును తిట్టడానికి నేను ఇది రాయడం లేదు. రోజా అమ్మిన డబ్బుతో బియ్యం కొనవచ్చు. మా వీధిలో ఇద్దరు పిల్లలు ఇంజనీర్లయింది రోజా మీదనే. వానమీద ఆధారపడి రాగి వేసిన ఏ చేనూ ఆ పని చేయలేదు. ఇంకో చిత్రం కూడా వుంది. 1965లో మన్మోహన్ అత్తావర్ బెంగుళూరులో ఇండో అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ మొదలుపెట్టినప్పుడు పండించి అమెరికాకు పంపింది పెటూనియా పూల విత్తనం. ఆ చేతిపని నుంచే 1973లో మన దేశానికి తొలి సంకర టమాటా, సంకర క్యాప్సికం వచ్చాయి. పువ్వు కోసం నేర్చిన విద్య కూరకు పనికొచ్చింది. అంచేత ఇది పువ్వా కూరా అనే తగువు కాదు. సర్కారు డబ్బు ఏ పేరు మీద బయలుదేరి ఎక్కడికి చేరుతున్నది అన్నదే నా పట్టు.

మా ప్రాంతంలో కప్పు కింద సేద్యం నిజంగా అందరి కంచానికీ చేరిన చోటు ఒకటి వుంది. అది ఎవరి కంటికీ ఆనదు. రాయకోట దారిలో, కెలమంగలం వైపు నల్లగానో పచ్చగానో వల కప్పుకుని వుండే నారు షెడ్లు. ప్లాస్టిక్ ట్రేల గుంటల్లో కొబ్బరిపొట్టు నింపి, గుంటకొక విత్తనం వేసి, టమాటా, క్యాబేజీ, వంగ, మిరప నారు పెంచి రైతులకు అమ్ముతారు. వెనుకటి రోజుల్లో మడిలో నారు పోస్తే సగం తెగులుకు, సగం వానకు పోయేది. సంకర విత్తనం గింజ గింజకూ ఖరీదు వున్నప్పుడు అలా పోగొట్టుకుంటే రైతు లేవలేడు. ఇప్పుడు పాతిక, ముప్పై రోజుల నారు వేరు కదలకుండా చేనికి వస్తుంది. ఆ షెడ్డులో పెరిగింది నారే కానీ, పంట మాత్రం బయట, ఎండలో, ఎకరాల మీద. చిన్న షెడ్డుకు పెద్ద చేను. చలి లేని నేలమీద కప్పుకు తగిన పని ఇదే అని నాకు అనిపిస్తుంది. దీనికి రిబ్బన్ కోతలు వుండవు, ఇజ్రాయెల్ దౌత్యవేత్తలు రారు.

మళ్లీ మా అన్న దగ్గరికి వస్తాను. ఆయన రోజానే పెట్టాడు. కొడుకు పట్టుపట్టాడు. వాడు సిప్‌కాట్‌లో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని వదిలి వచ్చినవాడు, ఏడాదిలో అప్పు తీరుద్దామన్నాడు. అర ఎకరం. బ్యాంకు అప్పు మా వదిన నగల దాకా పోయింది, ఎందుకంటే సర్కారు సగం ముందు రాదు, కట్టినాక వస్తుంది. ఆ కట్టినాక అన్నది పదకొండు నెలలయింది. ప్రతి నెలా ఎవరో ఒకరు సంతకం కోసం రమ్మనేవారు. నేను తోడుపోయిన రోజుల్లో ఆ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లలో సగంమంది తెలుగే మాట్లాడుతున్నారు, లోపలికి పోయేముందు తమిళం సరిచేసుకుంటున్నారు.

2020 ఫిబ్రవరిలో మొదటి మంచి పూత. మంచి ధర. మార్చి 25న దేశమంతా తాళం పడింది. పెళ్లిళ్లు లేవు, గుళ్లు మూశారు, విమానాలు లేవు. రోజా ఆగదు కదా. కోయకపోతే చెట్టు పాడవుతుంది. కోసి ఏం చేయాలి? రోజూ పొద్దున్నే కోసి, చేని గట్టున తవ్విన గుంతలో పోసేవాళ్లు. హోసూరు చుట్టూ ఎన్నో చేలలో అదే జరిగింది, పత్రికల్లోనూ ఫోటోలు వచ్చాయి. నేను రోడ్డు తప్పించి చేలగట్ల మీద నడిచిపోయి చూశాను. ఎర్రగా, వాసన లేకుండా. ఎగుమతి రోజాకు వాసన వుండదు. అప్పుడే బాగలూరు రోడ్డు మీద టమాటా బండి పోతోంది. కూరగాయల బండిని పోలీసులు ఆపరు, అది అత్యవసర సరుకు. అన్న ఆ బండిని కనబడినంత దూరం చూశాడు.

"చూస్తివా" అన్నాడు. "ఆ పట్టీలో నూట నలభై పెట్టినారే, అది పోతా వుండాది. మనం నాలుగు నూర్ల ఇరవై ఆరు ఈడ పూడుస్తా వుండాము."

నాకు జవాబు దొరకలేదు. సర్కారుకు ఏది అత్యవసరమో కష్టకాలంలో తెలిసింది, మామూలు కాలంలో రాసిన పట్టీలో లేదు. ఈ రెండు కాగితాలూ ఒకే సర్కారువి.

ఆ ఏడాది సగం రోజా పెరికి క్యాప్సికం పెట్టారు. క్యాప్సికంకు ధర వున్నరోజు వుంది, లేనిరోజు లేదు. మూడో ఏట గాలివానకు పడమటి వైపు కవరు చిరిగింది. ఎలాగూ ఎండకు పెళుసెక్కి వుంది. కొత్త కవరు వేసే డబ్బు లేక ఆ పక్కన వల కట్టి, ఒక మూల ట్రేలు పెట్టి వదిన టమాటా నారు పోసింది. చుట్టుపక్కల వూళ్లవాళ్లు వచ్చి కొనుక్కుపోతున్నారు. అప్పు ఇంకా వుంది, కానీ వదిన గాజుల్లో రెండు తిరిగి వచ్చాయి.

పోయిన నెలలో అన్న మళ్లీ వచ్చాడు. ఈసారి వల షెడ్డుకు సాయం అడిగే ఫారం. పాత రేట్లు మారాయట. నా దగ్గరికి వచ్చాడు కానీ చదివింది నేను కాదు, ఆయనతో వచ్చిన మనవరాలు. ఏడో తరగతి. తమిళం తడబాటు లేకుండా చదివింది, తాతకు తెలుగులో చెప్పింది. ఇంట్లో మాట్లాడే తెలుగు బాగానే వుంది, చదవడం మాత్రం రాదు. ఈ పత్రిక అట్ట మీద పేరు చూపించి చదవమంటే నవ్వి తల అడ్డంగా వూపింది.

పేరు, సర్వే నంబరు, బావి వుందా, కరెంటు వుందా, అన్నీ తానే నింపింది. 'పంట పేరు' అన్న గడి దగ్గర ఆగి, పెన్ను ఎత్తి, "ఏం రాసేది తాతా?" అంది.

అన్న నా వైపు చూశాడు. నేను ఏమీ అనలేదు.

"ముందు పెన్సిలుతో రాయి" అన్నాడు.